బాపమ్మ గదికి ఒక వైరు

రాత్రి పదిన్నర అయ్యిందంటే చాలు, మా బాపమ్మ ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో టార్చిలైటు, కొంగుముడిలో ఫోను పెట్టుకుని ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి వచ్చేది. దుబాయ్‌లో ఉన్న మా కాకతో మాట్లాడటానికి.

మాది నిజామాబాద్ జిల్లా సిరికొండ. ఒకే జాగలో మాకు రెండు ఇళ్లున్నాయి. ముందువైపు స్లాబు ఇల్లు. అందులో బాపు, అమ్మ, నేను ఉంటాం. వెనకవైపు మా తాత కట్టిన పాత మట్టి ఇల్లు, గూనపెంకలది. అందులో బాపమ్మ ఒక్కతే ఉంటుంది. రెంటికీ మధ్య వాకిలి, వాకిట్లో బర్ల కొట్టం, కొట్టానికి ఇనుప రేకులు. "ముందటింట్లకు వచ్చి పండుకో" అని బాపు ఎన్నిసార్లు చెప్పినా బాపమ్మ వినదు. "మీ నాయిన పోయిన ఇల్లురా ఇది. నన్ను గూడ ఈడికెళ్లే తీస్కపోండ్రి" అంటుంది. ఆ మాటకి ఇంక ఎవరం జవాబు చెప్పలేం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా నెలలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని చేస్తాను. దానికోసమే ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాం. రూటర్ నా గదిలో, అంటే స్లాబు ఇంటికి కూడా ఆ చివరి మూలన ఉంటుంది. హాలు వరకు సిగ్నల్ బాగానే వస్తుంది. వాకిట్లో సగానికి వచ్చేసరికి ఒక గీత. బాపమ్మ గదిలో ఏమీ ఉండదు. ఆ గదిలో మొబైల్ డేటా కూడా అంతంతమాత్రమే.

మా వైపు ఏ గల్లీలో చూసినా గల్ఫ్‌కి పోయిన మనిషి లేని ఇల్లు తక్కువ. కాక పోయి పన్నెండేళ్లయింది. చిన్నమ్మ, పిల్లలు చదువుల కోసం నిజామాబాద్‌లో కిరాయికి ఉంటారు. దుబాయ్‌లో వాట్సాప్ మెసేజ్‌లు పోతాయి కానీ కాల్స్ కలవవు, అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. అందుకే మనవాళ్లు చాలామంది అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు. కాక కూడా అంతే. డ్యూటీ దిగి, క్యాంపుకి చేరి, వంతు వచ్చాక వండుకుని తిని, ఫోను పట్టుకునేసరికి అక్కడ రాత్రి తొమ్మిది అవుతుంది. వాళ్ల టైము మనకంటే గంటన్నర వెనక కాబట్టి మనకి పదిన్నర. ఎనభై దగ్గర పడుతున్న మనిషి అప్పుడు లేచి, చీకట్లో వాకిలి దాటి వచ్చి, హాల్లో సోఫా అంచున కూర్చునేది.

ఆ కాల్స్ ఎట్లా ఉండేవో నాకు బాగా గుర్తు. హాల్లో టీవీ, పక్కన బాపు, వంటగదిలోంచి అమ్మ. ఫోను స్పీకర్‌లో పెట్టేవాళ్లం.

"తిన్నవారా?"

"తిన్ననే. నువ్వు తిన్నవా?"

"తిన్న. పానం మంచిగున్నదా?"

"మంచిగున్నదే."

మధ్యలో బాపు వడ్ల పైసలు పడ్డాయో లేదో చెప్పేవాడు. అమ్మ ఎవరి పెళ్లి కుదిరిందో చెప్పేది. నేను తలకాయ దూర్చి "కాకా, బాగున్నావా" అనేవాణ్ని. నాలుగైదు నిమిషాలకి అయిపోయేది. బాపమ్మ మళ్లీ టార్చిలైటు వేసుకుని వెళ్లిపోయేది. "ఇంత దూరం నడిచొచ్చి ఇంతేనా మాట్లాడేది?" అని ఒకసారి నవ్వుతూ అన్నాను. "అందరి ముందట ఏం మాట్లాడుత బిడ్డా" అంది. ఆ మాట నేను అప్పుడు చెవికెక్కించుకోలేదు.

శ్రావణంలో ఒక రాత్రి వాన వెలిసాక, కొట్టం ముందర బురదలో ఆమె కాలు జారింది. ఎముకలేం విరగలేదు, మోచెయ్యి కొట్టుకుపోయింది. అప్పుడు గానీ నాకు సిగ్గనిపించలేదు. పగలంతా ఎక్కడో అమెరికాలో ఉన్న సర్వర్లు పడిపోకుండా చూసే ఉద్యోగం నాది. మా ఇంట్లో ముప్ఫై మీటర్ల దూరానికి నెట్ అందించలేకపోయాను.

మొదట అందరూ చేసే పనే చేశాను. ఆన్‌లైన్‌లో ఒక రిపీటర్ ఆర్డర్ పెట్టి, తెచ్చి బాపమ్మ గదిలో ప్లగ్‌కి తగిలించాను. ఇది మీలో చాలామంది చేసే తప్పే, అందుకే చెప్తున్నా. సిగ్నల్ లేని చోట రిపీటర్ పెడితే అది లేని సిగ్నల్‌నే మళ్లీ చెప్తుంది. దాన్ని సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే మధ్యలో పెట్టాలి. మా ఇంటికి మధ్య అంటే బర్ల కొట్టం. అక్కడున్నది ఒక్క బల్బు హోల్డరు. సరే, దానికే ఒక ప్లగ్ తగిలించి అక్కడా పెట్టి చూశాను. గీతలు వచ్చాయి, మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. చవక రిపీటర్ ఒకే ఛానల్ మీద రూటర్ చెప్పేది వినాలి, మళ్లీ అదే ఛానల్ మీద ఫోనుకి చెప్పాలి. వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు. దాంతో వేగం సగానికి పడిపోతుంది. పైగా ఆ రేకులు. ఇనుము వైఫై తరంగాల్ని వెనక్కి కొట్టేస్తుంది. ఆ తర్వాత రెండడుగుల మట్టి గోడ. ఎండాకాలంలో ఆ గదిలో అప్పుడప్పుడు ఒక గీత కనిపించేది, వానలు పడి గోడ నానాక అది కూడా పోయింది. నీళ్లు ఈ తరంగాల్ని తాగేస్తాయి. మా ఇంటి సమస్యకి గాలి పనికిరాదని అర్థమైంది. వైరే వెయ్యాలి.

హైదరాబాద్ రూములో ఉన్నప్పుడు కొన్న పాత రూటర్ ఒకటి అటక మీద ఉంది. నిజామాబాద్ పోయి బయట వాడే క్యాట్ 6 కేబుల్ 40 మీటర్లు, ప్లాస్టిక్ పైపులు తెచ్చాను. అన్నీ కలిపి రెండు వేల లోపే అయ్యింది. ఈ ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది కాబట్టి మన పల్లెటూరి ఇళ్లకి, కొట్టాలకి, బావి దగ్గరి గదులకి కూడా చాలాసార్లు సరిపోతుంది. బాపు గడ్డపారతో వాకిట్లో ఒక పక్కగా జానెడు లోతు కాలువ తీశాడు. పైపులో వైరు దూర్చి మట్టి కప్పేశాం.

వైరు చివర్లకి పిన్నులు కొట్టడం మా బాపు దగ్గర నేర్చుకున్నానంటే నమ్ముతారా? లోపల ఎనిమిది సన్నని తీగలుంటాయి. వాటికొక వరస ఉంది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరస ఉండాలి. వరస నాకు తెలుసు కానీ చేతులు తిరగలేదు. రెండు పిన్నులు పాడు చేశాను. బోరు మోటరు స్టార్టర్లు ఇప్పి బిగించిన చెయ్యి బాపుది. "రంగులు నువ్వు జెప్పు, నేను పెడ్త" అన్నాడు. నేను చదువుతుంటే ఆయన ఒక్కొక్క తీగ సర్ది, అన్నీ ఒకే పొడవుకి కత్తిరించి, పిన్ను కొట్టాడు. మొదటిసారికే లైటు వెలిగింది.

ఇక్కడి నుంచి తప్పంతా నాదే.

రాత్రి తొమ్మిదిన్నరకి ఆ పాత రూటర్‌ని తెచ్చి బాపమ్మ గదిలో పెట్టి, వైరుని దాని లాన్ పోర్టులో గుచ్చాను. లోపలి సెట్టింగులు ఏమీ మార్చలేదు. పదింటికి అమెరికా వాళ్లతో కాల్ ఉందన్న తొందర. ఫోనులో చూస్తే వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. "బాపమ్మా, ఇగ నువ్వు ఏడికి రావద్దు. మంచం మీదనే కూసొని మాట్లాడు" అని గొప్పగా చెప్పి వచ్చేశాను. ఆమె అప్పటికే ఫోను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

పది ఇరవైకి నా కాల్ ఆగిపోయింది. హాల్లో టీవీ తిరుగుతూ నిలబడిపోయింది. రూటర్ ఆపి వేశాను. ఒక నిమిషం వచ్చింది, మళ్లీ పోయింది. ఫోను హాట్‌స్పాట్‌తో మీటింగ్‌లో ఎట్లాగో తిరిగి కలిసి, అది అయ్యేసరికి పదకొండుంబావు. అప్పుడు గుర్తొచ్చింది బాపమ్మ. పరుగెత్తాను. ఆమె అట్లాగే మంచం మీద కూర్చుని ఉంది. ఫోను కూడా అట్లాగే చేతుల్లో ఉంది.

"వాడు చేస్తడని చూస్తున్న" అంది.

గీతలు నిండుగానే ఉన్నాయి. నెట్ లేదు. ఆ గీతలు చెప్పేది పక్కనున్న రూటర్ ఎంత దగ్గరగా ఉందన్నదే, దాని వెనక ఇంటర్నెట్ ఉందా లేదా అన్నది కాదు. ఇది నాకు తెలుసు. ఆమెకి తెలియదు. వైరు పీకేసి, నా ఫోను డేటా మీద చూస్తే వాట్సాప్‌లో కాక పంపిన వాయిస్ మెసేజ్ ఉంది: "అమ్మా, కలుస్తలేదు. ఒక మాట చెప్దామనుకున్న. ఏం లేదు తియ్. పండుకో."

బాపమ్మ దాన్ని రెండుసార్లు పెట్టించుకుని వింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ బాపు అడిగాడు, "అసలు ఏం అయ్యిందిరా?" అని. ఎట్లా చెప్పాలా అని ఆలోచించి ఇట్లా చెప్పాను. ఇంట్లో ప్రతి ఫోనుకి, టీవీకి, ల్యాప్‌టాప్‌కి రూటర్ ఒక నంబరు రాసిస్తుంది. 192.168 అని మొదలవుతుంది. ఈ వరసని ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికని 1994లోనే పక్కన పెట్టారు. నంబరు రాసిచ్చే ఆ పనిని డీహెచ్‌సీపీ అంటారు. రెండో రూటర్ కూడా అదే పని మొదలుపెట్టింది. ఒకరికి ఇచ్చిన నంబరే ఇంకొకరికీ ఇచ్చింది. పైగా రెండు రూటర్లూ తమ నంబరు 192.168.1.1 అనే అంటున్నాయి. బయటికి పోయే దారి ఎటో ఏ ఫోనుకీ తెలియలేదు.

బాపు గ్లాసు కింద పెట్టి అన్నాడు, "గంతేనా? ఒక ఊరికి ఇద్దరు పట్వారీలన్నట్టు. ఒకే సర్వే నంబరు ఇద్దరికి రాసిచ్చిండ్రు."

పటేల్ పట్వారీల వ్యవస్థ 1984లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసింది. కానీ పహాణీలో పేరు తప్పుపడితే ఏమవుతుందో మా బాపు తరానికి ఇంకా మర్చిపోలేని విషయం. నేను నాలుగేళ్లు ఇంజనీరింగ్‌లో చదివినదాన్ని ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

ఆ శనివారం మొత్తం సరిగ్గా చేశాను. మీ ఇంట్లోనూ పాత రూటర్ ఉంటే పనికొస్తుంది కాబట్టి వరసగా చెప్తాను. ముందు రెండో రూటర్‌ని ఇంటి నెట్‌వర్క్‌కి కలపకుండా, ఒక ల్యాప్‌టాప్‌కి మాత్రమే కలిపి సెట్టింగుల్లోకి వెళ్లాలి. దాని సొంత నంబరుని 192.168.1.2 చేశాను, అంటే మొదటి రూటర్ వరసలోనే, కానీ వేరే ఇంటి నంబరు. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా మొదటి రూటర్‌లో పంపకం 10 నుంచి మొదలయ్యేట్టు పెట్టాను. మీ రూటర్ వరస 192.168.0 అయితే దానికి తగ్గట్టు మార్చుకోవాలి. తర్వాత రెండోదాంట్లో డీహెచ్‌సీపీ ఆపేశాను. ఇక పట్వారీ ఒక్కడే. అప్పుడు మొదటి రూటర్ లాన్ పోర్టు నుంచి వచ్చిన వైరుని రెండోదాని లాన్ పోర్టులోనే పెట్టాను. వాన్ అని రాసి ఉన్న పోర్టు ఖాళీగా వదిలేశాను. ఈమధ్య వచ్చే రూటర్లలో 'యాక్సెస్ పాయింట్ మోడ్' అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది ఎంచుకుంటే ఈ పనుల్లో చాలావరకు అదే చూసుకుంటుంది, వైరు ఏ పోర్టులో పెట్టాలో కూడా అదే చెప్తుంది.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానళ్లు 1, 6, 11. ముందింటి రూటర్‌ని 1 మీద, వెనకింటిదాన్ని 11 మీద పెట్టాను.

పేరు దగ్గర ఒక చిక్కొచ్చింది. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే ఫోను తనంతట తాను దగ్గరిదానికి మారుతుందని అందరూ చెప్తారు. మారుతుంది కూడా, కానీ బాపమ్మ ఫోను పాతది. వాకిట్లో దొరికిన ముందింటి ఒక్క గీతనే పట్టుకుని, గదిలోకి వచ్చినా వదిలేది కాదు. అందుకే వెనకింటి వైఫైకి వేరే పేరు పెట్టి, ఆమె ఫోనులోంచి ముందింటి పేరు తీసేశాను.

"ఏం పేరు పెట్టినవ్?" అని అడిగింది.

"నీ పేరే. బాపమ్మ అని."

"నా పేరు బాపమ్మనారా?" అని నవ్వింది. ఆ నవ్వుతో మొన్నటి రాత్రి సంగతి కొంచెం తగ్గింది.

వానాకాలం కరెంటు మీద భరోసా లేదు కాబట్టి రెండు రూటర్లకీ రూటర్ల కోసమే వచ్చే చిన్న యూపీఎస్‌లు తగిలించాను. అవి కొనేముందు మీ రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసుకోండి. రెండిళ్ల మధ్య రాగి వైరు ఉంది కాబట్టి, ఉరుములు మొదలైతే రెండు వైపులా పిన్నులు తీసేయమని చెప్పాను. ఆ పని ఇప్పుడు బాపుది.

ఆ రాత్రి పదిన్నరకి నేను నా గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రెండో రూటర్ పేజీ తెరిచి చూస్తున్నాను. ఈసారి ఏం తేడా వచ్చినా వెంటనే తెలియాలని. అందులో కలిసి ఉన్న ఫోన్ల పట్టిక ఉంటుంది. ఒకటే పేరుంది. దాని ఎదురుగా వచ్చిన ప్యాకెట్లు ఎన్ని, పోయిన ప్యాకెట్లు ఎన్ని అని రెండు అంకెలు. పదీ ముప్ఫై ఆరుకి ఆ అంకెలు పరుగెత్తడం మొదలైంది. కాల్ కలిసింది.

ఐదు నిమిషాలయింది. పదయింది. నేను నీళ్లు తాగి వచ్చాను. ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. పదకొండు దాటింది. హాల్లో టీవీ ఆపేసి బాపు వాళ్లు పడుకున్నారు. పదకొండున్నర. అంకెలు ఆగలేదు. ఆ అంకెల్లో మాటలుండవు. ఎవరు ఏం మాట్లాడారో నాకు తెలిసే దారి లేదు. అయినా ఎవరి గది తలుపు దగ్గరో నిలబడి చెవి పెట్టినట్టు అనిపించింది. పేజీ మూసేశాను.

పన్నెండేళ్లు. ఇన్నాళ్లూ నాలుగు నిమిషాలే మాట్లాడుకున్న తల్లీకొడుకుల దగ్గర గంటకి సరిపడా మాటలున్నాయని ఎవరం అనుకోలేదు. బాపమ్మ చీకట్లో నడవడం ఒక్కటే సమస్య అనుకున్నాం. మా అందరి మధ్య, టీవీ పక్కన, స్పీకర్‌లో మాట్లాడించడం ఒక సమస్యని ఆమె ఒకసారి చెప్పింది కూడా. నేనే వినలేదు.

మర్నాడు పొద్దున నేను పాలు తెచ్చివ్వడానికి వెళ్తే బాపమ్మ మెల్లగా అడిగింది.

"బిడ్డా, నేను ఈడ మాట్లాడితే ఆడ మీకు ఇనవడ్తదా?"

"వినపడదు బాపమ్మా."

"నీ కంప్యూటర్ల?"

"దాంట్ల గూడ వినపడదు."

కొంచెంసేపు పాలగిన్నె వైపు చూసింది. "రాత్రి మీ కాక ఏడ్చిండు" అంది. "పోయిన కాడికెళ్లి ఒక్కనాడు గూడ ఏడ్వలే. ఎప్పుడు అడిగినా మంచిగున్న అననే అంటుండె." అంతే చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు రాత్రిళ్లు మా వాకిట్లో టార్చిలైటు కనిపించదు. కాక రెండు రోజులకొకసారి చేస్తూనే ఉన్నాడు. వారానికొకసారి బాపమ్మే ఫోను పట్టుకుని పగటిపూట వచ్చి, "అందరితోని మాట్లాడుతడట" అని స్పీకర్‌లో పెడుతుంది. తిన్నారా, మంచిగున్నారా, వడ్లు ఎట్లున్నాయి అన్న మాటలు అప్పుడు అవుతాయి.

దసరాకి కాక వస్తున్నాడు. రెండు నెలల సెలవు దొరికిందని మాకు చెప్పాడు. బాపమ్మకి ఏం చెప్పాడో తెలియదు. కానీ మొన్న అన్నం తింటూ ఉన్నట్టుండి బాపుని అడిగింది, కాక వాటాకి వచ్చిన ఎకరం మడి కౌలుకిచ్చారు కదా, ఆ కౌలు ఎప్పటికి అయిపోతుంది అని.

"ఈ పంటతోని అయిపోతది. ఎందుకమ్మా?" అన్నాడు బాపు.

"ఊకెనే" అంది బాపమ్మ.